నూట ఇరవై మీద ఊగిన స్తంభం

బుధవారం. ఉదయం 9.42.

ఆళ్లగడ్డ శివార్లలోని శిల్పాల షెడ్డు. లేత్ మిషన్ మీద తిరుగుతున్న ఏడడుగుల రాతి స్తంభం విరిగింది. ముక్క ఎగిరి హెల్పర్ నారాయణ గుండెకు తగిలింది. అంబులెన్స్ వచ్చేలోపే ప్రాణం పోయింది.

సాయంత్రానికల్లా ఆపరేటర్ దేవదానం చేతికి బేడీలు పడ్డాయి. స్పీడు డయల్ నూట ఎనభై మీద ఉంది. ఆ పనికి పెట్టాల్సింది నిమిషానికి నూట ఇరవై చుట్లు. మిషన్ నడిపి చూసిన ఇంజనీరు లోపమేమీ లేదని రాసిచ్చాడు. ఇంకేం కావాలి? పేదవాడి మీద కేసు కట్టడానికి స్టేషన్‌లో అందరికీ తొందరే.

నంద్యాల నుంచి వచ్చిన సి.ఐ. సంధ్యకు మాత్రం ఆ తొందర లేదు. పోలీసు కాకముందు ఆమె మెకానికల్ ఇంజనీరు. శనివారం ఉదయం 11 గంటలకు అందరినీ షెడ్డుకు పిలిపించింది.

నారాయణ భార్య రామసుబ్బమ్మ దేవదానాన్ని చూడగానే మీదికి దూకింది.

"నా మొగున్ని మింగినావు గదరా! నీ చేతులు పడిపోనూ!"

కానిస్టేబుల్ ఆపాడు.

"స్పీడు పెంచావా?" సంధ్య దేవదానాన్ని అడిగింది.

"లేదు మేడం. చప్పుడు ఇనపడకుండా చెవులకు మఫ్ ఉండె. కండ్లు ఉలి మీదుండె. ఉన్నట్టుండి రాయి ఊగబట్టె. ఆపేలోపలే ఇరిగిపాయ."

"అబద్ధం!" షెడ్డు యజమాని సుబ్బయ్య అరిచాడు. "రాయి ఊరికే ఊగుతాదా? బేగా అయిపోవల్లని వీడే పెంచినాడు."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"ఆఫీసు రూములో. ఎనిమిదిన్నరకు, వీళ్లు రాకముందే, మిషన్‌కే వెనక పక్క కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి పోయినా. ప్రతి కొత్త స్తంభానికీ కొడతాం."

"తర్వాత మిషన్ దగ్గరికి రాలేదా?"

"రాలేదు."

సంధ్య అలాంటిదే ఇంకో స్తంభం ఎక్కించింది. అడ్డంగా ఇనుప జాలీ పెట్టించింది. అందరినీ దూరం జరిపింది. నూట ఇరవై. ఉలి ఆనించింది. పది నిమిషాలు చప్పుడు మారలేదు.

చెక్క సుత్తితో మిషన్‌ను మెల్లగా తట్టింది. రాయి వణికి సర్దుకుంది.

ఈసారి గట్టిగా కొట్టింది. రాయి ఊగింది. మళ్లీ ఎవరూ తాకలేదు, అయినా ఊపు ఆగలేదు. షెడ్డు రేకులు అదిరాయి. డయల్ వందకు దించినా ఊగుతూనే ఉంది. ఎనభైకి వచ్చాకే శాంతించింది.

"ఊగే రాయిని ఉలి ఒకసారి ఎక్కువ కోస్తుంది, ఒకసారి తక్కువ. ఆ కోతే ఊపుకు మేత. చిన్న దెబ్బయితే ఊపు చచ్చిపోతుంది. హద్దు దాటిన దెబ్బయితే బతికి కూర్చుంటుంది. ఇంజనీరు నడిపి చూశాడు, కొట్టి చూడలేదు." సంధ్య వివరించింది.

"అయితే ఆ పొద్దు ఎవరు కొట్టిరి?" సుబ్బయ్య గొంతు తగ్గింది.

సంధ్య ఫోటో చూపించింది. "బుధవారం 10.15కు తీసింది. మిషన్ మీద వేలి మందం రాతి దుమ్ము. దుమ్ము పైన టెంకాయ చిప్ప. లోపల తెల్లగా ఉంది. ఎనిమిదిన్నరకు కొట్టినదయితే దాని మీద దుమ్మేదీ? డయల్ మీద కుంకుమ మరక కూడా ఉంది. దేవదానం గ్లోవ్స్‌కు లేదు."

సుబ్బయ్య చేతులు జోడించాడు.

"వచ్చేసరికి లేటాయె. 9.45కు వర్జ్యం. మిషన్ ఆపితే రాయి మీద గీత పడతాది... తిరుగుతాంటే కొట్టినా. సంపల్లని కాదు మేడం!"

"టెంకాయ తెలియక కొట్టావు. డయల్ మాత్రం, నేరం దేవదానం మీదికి పోవాలని, తెలిసే తిప్పావు."

బేడీలు చేతులు మారాయి. రామసుబ్బమ్మ సుబ్బయ్య ఎదురుగా వచ్చి నిలబడి, దేవదానం వైపు చెయ్యి చూపింది.

"మూడు దినాలు ఈయప్పను నోటికొచ్చినట్టు తిడితి. గొంతు ఎండిపోతే నువ్వే గదా నీళ్లు తెచ్చిచ్చి, ఇంకా తిట్టుమ్మా అంటివి!"