శబ్దం తగ్గించు

ఆ పొద్దున దమయంతి మార్పు కింద రాసిన మొదటి సారవాక్యం "శబ్దం తగ్గించు". ఊళ్ళో పరికరాలన్నిటినీ సరిదిద్దే అల్లికయంత్రం తెల్లవారేలోపే బస్సుల హారన్లను మార్చి ఉంచింది. ఆమె ముందున్న వెలుగు పలకలో ఎడమ సగం మార్పు, కుడి సగం ఖాళీ గడి. ఆమె చేయవలసిందల్లా మార్పు చూసి, ఆమోదపదాల్లో సరిపోయేది ఎంచి, గడి నింపి, బొటనవేలు ఆనించడం. అప్పుడు మార్పులను ఆపి ఉంచే గుమ్మం తెరుచుకుంటుంది. మార్పు ఊళ్ళోకి వెళ్ళిపోతుంది.

రెండోది ఆసుపత్రి నడవాల్లో మోగే గంటల గురించి. "శబ్దం తగ్గించు." తర్వాతది ఫిర్యాదుల గదిలో ఫోన్ల గురించి. దానికీ అదే. ఒకే పనికి ఒకే మాట అని గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసే ఉంది. ఎందుకు అనే దానికి గడిలో చోటు లేదు. గుమ్మం మార్పును చదవదు, వాక్యాన్నే చదువుతుంది. వాక్యం పద్ధతిగా ఉంటే మార్పు మంచిదనే లెక్క.

యంత్రం అల్లినదాని కింద మనిషి వేలు ఉండి తీరాలని చట్టం. ఆ చట్టం పుణ్యమా అని, తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన దమయంతికి ఈ చల్లటి గదిలో ఒక కుర్చీ దొరికింది. కుర్చీతో పాటు కింది అంతస్తులో పిల్లను పడుకోబెట్టుకునేందుకు ఒక తొట్టి కూడా. కుర్చీ పోతే తొట్టీ పోతుంది. ఆ తొట్టిలో గాజుమూత కింద ఆమె కూతురు పండు పడుకుని ఉంది. ఏడో నెలలోనే భూమ్మీద పడిన పిల్ల. ఏడిచినా గొంతు గది దాటదు.

పండు ఏడిస్తే తల్లి మణికట్టు పట్టీ అదరాలి. ఈ వారమంతా ఒక్కసారి కూడా అదరలేదు.

"పైడమ్మక్కా, పిల్ల ఏడవకపోతే మంచిదే కదా?"

పక్క పలక ముందు కూర్చున్న పైడమ్మ తల తిప్పలేదు. ఈ గదిలో అందరికంటే పాత మనిషి ఆమె. "ఏడిస్తే ఏడ్సిందంతావు, ఏడవకపోతే ఏడవలేదంతావు. పిల్లతో ఏటీ లేదు గానీ, నీతోనే సావొచ్చింది నాకు."

"అది కాదక్కా. ఇంటి దగ్గర రాత్రంతా ఏడుస్తాది. ఇక్కడికొస్తే నోరు మూసేసుకుంతాది. ఏటో నాకు భయంగా ఉంది."

"ఇక్కడ ఏసీ ఉందే. నీ కొంపలో ఏటుంది, నీ మొగుడి గురక తప్ప?"

దమయంతి నవ్వింది. నవ్వుతూనే పట్టీని చెవి దగ్గర పెట్టుకుని చూసింది. ఏమీ లేదు.

తర్వాతి మార్పు వచ్చింది. ఎడమ సగంలో పైనే "తొట్టెలు" అని ఉంది. మిగతావాళ్ళు అంతవరకే చదువుతారు. దమయంతికి చదువు మీద నమ్మకం తక్కువ కనుక, కింద వేలు పెట్టుకుని కొస దాకా చదువుతుంది. వినికిడి గీతను యంత్రం మరికాస్త పైకి జరిపింది. ఆ గీత దాటిన ఏడుపే తల్లిని చేరుతుంది, దాటనిది మూత కిందే ఉండిపోతుంది. పక్కనే యంత్రం ఒక పటం గీసిపెట్టింది: గీత పైకి వెళ్ళిన కొద్దీ తల్లులు కుర్చీల్లోంచి లేవడం ఎలా తగ్గుతూ వచ్చిందో. కుడి గడిలో అది సూచించిన మాట అప్పటికే బూడిదరంగులో మెరుస్తోంది. శబ్దం తగ్గించు.

తగ్గుతూ వచ్చింది అంటే, ఇది మొదటిసారి కాదన్నమాట. ఆమె ఆ గీత చరిత్రను వెనక్కి జరుపుతూ పోయింది. శబ్దం తగ్గించు. శబ్దం తగ్గించు. శబ్దం తగ్గించు. ఒక్కొక్కటీ గోరంత జరపడమే. ఏ ఒక్కటీ విడిగా చూస్తే తప్పులా లేదు. ఒక్కోదాని కింద ఒక్కో వేలు. పోయిన వారం నాటిదాని కింద ఉన్నది ఆమె వేలే. ఆ పూట కాబోలు, పాలు లీకై జాకెట్టు తడిసి, తొందరతొందరగా వేలు ఆనిస్తూ పోయింది.

అన్నిటికంటే అడుగున, గీత పుట్టిన చోట, రెండే మాటలు ఉన్నాయి. "గీత అమర్చు."

"అక్కా, ఈ గీత మొదట్లో అంత కిందన ఎందుకు పెట్టినారో రాయలేదే?"

పైడమ్మ ఈసారి తల తిప్పింది. దమయంతి పలక వైపు చూసింది.

"రాసినారు. ఎవలో డాక్టరమ్మ. నెల తక్కువ పిల్లల గొంతు ఇంతకు మించి లేవదు, ఈ గీతని ఎవలూ పైకి జరపొద్దు అని రాసింది. ఏకరూపం చెయ్యమన్న యేడు పాత వాక్యాలన్నీ కురస చేసినాం గదా. అది మరీ పొడుగ్గా ఉందని నానే కొట్టీసినాను."

"ఎందుకు కొట్టీసినావక్కా?"

"నీ కూతురు అప్పటికి పుట్టలేదు గదే."

గుమ్మం దగ్గర మార్పు ఆగినందుకు పర్యవేక్షకుడు కోదండం గారు కుర్చీల వరసలోకి వచ్చారు. ఆయన ఎవరినీ కసిరే మనిషి కాదు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? నీ దగ్గర ఆగిపోయింది."

"దీనికి ఈ మాట సరిపోదండి, సార్."

"శబ్దమే కదమ్మా తగ్గేది?"

"ఏడుపండి."

"ఏడుపు శబ్దం కాదా?"

ఆమె బూడిదరంగు మాట కింద వేలు పెట్టి మళ్ళీ చదువుకుంది. చదువుకున్నవాళ్ళు అడిగే ప్రశ్నలతో ఆమెకు ఎప్పుడూ ఇబ్బందే.

"చూడమ్మా, తలా ఒక మాట పుట్టిస్తే గుమ్మం ఏం చేస్తుంది? నువ్వు రాయకపోతే పక్క పలకకు పోతుంది. ఆవిడ రాస్తుంది. మార్పు ఎలాగూ వెళ్తుంది. పోయేది నీ కుర్చీ ఒక్కటే. పసిపిల్ల తల్లివి, ఆలోచించుకో." ఆయన ఆమె భుజం దాకా చెయ్యి తెచ్చి, తట్టకుండానే వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు.

ఆయన చెప్పినది నిజమే. రాయకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆమె ఆమోదపదాల జాబితా అడుగుదాకా వెళ్ళింది. అక్కడ, వెళ్ళిపోయిన మార్పును రద్దు చేసే మాట ఒకటి ఉంది, ఎవరూ వాడనిది. వెనక్కి తిప్పు. దాని పక్కన, ఏ మార్పును తిప్పాలో దాని వాక్యం రాయాలి. ఆమె అక్షరం అక్షరం రాసింది: వెనక్కి తిప్పు, శబ్దం తగ్గించు.

"ఒసే ఒసే, ఆగవే!" పైడమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఏ శబ్దమని దానికెలా తెలుస్తాది? ఆ పేరున్నవన్నీ దానికొక్కటే. బస్సులూ ఆసుపత్రులూ అన్నీ తిరగబడతాయి. ఊరు గోలెత్తిపోద్ది."

"అన్నిటికీ ఒక్కటే మాట పెట్టింది మనమే గదక్కా."

పైడమ్మ పట్టు సడలింది. దమయంతి కింద ఇంకా రాసింది. నెల తక్కువ పిల్లల గొంతు ఇంతకు మించి లేవదు. ఈ గీతని ఎవరూ పైకి జరపొద్దు. గడి పట్టక అక్షరాలు అంచు దాటాయి. వాక్యం మొదలు పద్ధతిగానే ఉంది కనుక గుమ్మం అభ్యంతరం చెప్పలేదు. ఆమె బొటనవేలు ఆనించింది.

ముందు కిటికీ అద్దాలు అదిరాయి. కింద రోడ్డు మీద హారన్లన్నీ ఒక్కసారి గొంతు తెరిచాయి. దూరంగా ఎక్కడో గంటలు. ఫిర్యాదుల గదిలో మూగగా పడి ఉన్న ఫోన్లు ఒకదాని వెంట ఒకటి మోగాయి, ఎత్తేవాళ్ళు లేరు. తర్వాత పట్టీ అదిరింది. ఆమెది ఒక్కటే కాదు. వరస పొడుగునా మణికట్లు అదిరాయి, కుర్చీలు వెనక్కి జరిగాయి.

"ఎవరు రాసిందిది?" కోదండం గారి గొంతు మొదటిసారి లేచింది. "వెనక్కి తిరిగిన ప్రతి మార్పు కిందా ఒకే పేరుందే! దమయంతీ!"

ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది.

తొట్టెల గదిలో ఆయా బిత్తరపోయి నిలబడి ఉంది. వరసవరసంతా మూతల మీద ఎర్రదీపాలు. "సూడమ్మా, అన్నీ ఒక్కసారే ఎలిగినాయి. సెడిపోనాయేటి?"

"చెడిపోలేదు. ఏడుస్తున్నారు."

"ఈళ్ళా?" ఆయా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఏడవని పిల్లలనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. మా మనవలికి కూడా సెప్పినాను, అక్కడి పిల్లల్ని సూసి నేర్సుకోండని."

దమయంతి మూత ఎత్తింది. పండు నోరు తెరుచుకునే ఉంది. అందులోంచి వచ్చేది ఏడుపు కూడా కాదు, బొంగురుపోయిన గాలి. చెవుల పక్కన కన్నీళ్ళు ఎండి తెల్లగా చారలు కట్టాయి. అవి ఇవాళ్టివో, ఈ వారమంతటివో. ఎత్తుకుంటే పిల్ల వెక్కి వెక్కి, జాకెట్టును పిడికిట బిగించి పట్టుకుంది.

పట్టీ మీద అక్షరాలు వచ్చాయి. కుర్చీ రద్దు. తొట్టి రద్దు. పై అంతస్తులో అల్లికయంత్రం ఈపాటికి కొత్త మార్పు అల్లేసి ఉంటుంది. అది పైడమ్మ పలక మీదికి వచ్చి, బూడిదరంగు మాటతో ఎదురుచూస్తూ ఉంటుంది. పట్టీలో అక్షరాల కింద చిన్న గడి ఒకటి మినుకుమినుకుమంది. కారణం?

పండును భుజాన వేసుకున్నాక ఆమెకు ఖాళీగా మిగిలింది ఒక్క చెయ్యే. ఆ చేత్తో పక్క తొట్టి మూత ఎత్తింది.