తొమ్మిది నిమిషాల పరీక్ష

"బటన్... బటన్... బటన్! ఏ బటన్ ఎందుకో చెప్పి చావదేం! ఇదేం సైటమ్మా బాబూ!" అంటూ నాగదుర్గ లాప్‌టాప్ మూత దబ్బున వేసేసరికి, వంటింట్లో చేపల పులుసు దింపుతున్న సత్యకుమారి గిన్నె గట్టు మీద పెట్టేసి ఇవతలికొచ్చింది. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి! తెర మీద ఉన్నదాన్ని కంప్యూటర్ పైకి చదువుతుంటే చెవితో వింటూ, ఉద్యోగం దరఖాస్తులో పేరూ పాస్‌పోర్టు నంబరూ చదువూ అన్నీ ఓపిగ్గా నింపుకుంటూ వస్తుంది పిల్ల. తీరా పుట్టిన తేదీ దగ్గరికొచ్చేసరికి టైప్ చేయనివ్వదు. అక్కడున్న క్యాలెండర్ బొమ్మలో మౌస్‌తో నొక్కాలట! చూపు లేని పిల్ల ఆ బొమ్మని ఎక్కడని వెతుకుతుంది? వెతికేలోగా పది నిమిషాలూ అయిపోయాయంటూ రాసిందంతా తుడిచిపెట్టేస్తుంది. మళ్ళీ మొదటికి!

"ఇటియ్యవే, నేను నొక్కుతాను. రెండు నిమిషాల పని!" అంది సత్యకుమారి చేతులు తుడుచుకుంటూ.

"వద్దు! రేపు ఉద్యోగం వస్తే ఆఫీసులో నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించుకుంటావా?"

ఆ మాటకి సత్యకుమారికి ఒళ్ళు మండింది. మండదూ మరి! తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం దుర్గ చూపు తీసుకుపోయిన రోజు నుంచీ ఈ పదిహేనేళ్ళూ ఆ పిల్లకి కళ్ళయింది తనే కదా! అబుదాబి ముసఫ్ఫాలోని వర్క్‌షాపులో భర్త వెంకటరాజు, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఓ అరబ్బు ఇంట్లో వంట చేస్తూ తను... ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుని పిల్లల్ని పెంచారు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు పీకుతున్నా సరే, పాఠాలన్నీ గొంతు పోయేలా చదివి వినిపించింది. బి.ఏ. పాసయింది దుర్గ. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ నాలుగూ గడగడా మాట్లాడుతుంది. ఇప్పుడు అబుదాబిలో ఒక ప్రభుత్వ సంస్థ ఫోన్ సహాయ కేంద్రానికి మనుషుల్ని తీసుకుంటోంది. చూపు లేనివాళ్ళకీ అవకాశం ఉంది. బుధవారంతో గడువు ఆఖరు. వెంకటరాజు వీసా ఏప్రిల్‌కి ఖలాస్! ఈ ఉద్యోగం వస్తే దుర్గ సొంత వీసా మీద అన్న అండన ఈ దేశంలోనే ఉండిపోతుంది. రాకపోతే అమ్మానాన్నలతో పాటు రాజోలు వెళ్ళి, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప గడప దాటకుండా కూర్చోవాలి. ఆ ఊహకే తల్లి ప్రాణం విలవిల్లాడుతోంది.

ఇంకా కడుపు మండే సంగతేమిటంటే, ఆ సైటు తయారుచేసిన కంపెనీలో పనిచేసేది ఎవరో కాదు, తన కన్నకొడుకే! ఆ శనివారం మధ్యాహ్నం దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ నుంచి భోజనానికొచ్చిన వాసు ఇంకా బూట్లు కూడా విప్పలేదు, సత్యకుమారి విరుచుకుపడింది.

"ఒరే వాసూ! ఊరందరికీ ఉద్యోగాల సైటు చేశావు, తోడబుట్టినదానికి దారి లేకుండా చేశావేంట్రా! పొద్దుట్నుంచి పిల్ల ఎంగిలి పడలేదు!"

"నేనేం చేశానమ్మా?" వాసు తెల్లబోయాడు. "జులైలో దుర్గ చేతే కదా పరీక్ష చేయించాను! ఈ సోఫాలోనే కూర్చుని తొమ్మిది నిమిషాల్లో మొత్తం నింపేసింది. నేను బాల్కనీలో ఆఫీసు వాళ్ళతో ఫోన్లో ఉంటే 'అయిపోయిందన్నయ్యా' అని కేక కూడా వేసింది!"

"అవునన్నయ్యా, ఆరోజు బాగానే వెళ్ళింది," అంది దుర్గ. "క్యాలెండర్ అడ్డు రాలేదు, తేదీ దానంతటదే పడింది. పేజీ చివర పడవలున్న బొమ్మలేవో ఎంచి, యంత్రం కాదు మనిషినేనని రుజువు చేసుకోమనే గోల కూడా లేదు."

"లేకపోవడమేంటి! అప్పట్నుంచి ఒక్క అక్షరం మార్చలేదు దాన్ని!"

సత్యకుమారి చేతిలో అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. అయ్యో దేవుడా... తేదీ దానంతటదే పడలేదు! పిల్ల అక్కడే తచ్చాడుతుంటే చూడలేక, చప్పుడు చేయకుండా చెయ్యి చాచి మౌస్‌తో నొక్కింది తను! పడవల బొమ్మలూ తనే నొక్కింది! అన్నం కలిపి పెట్టినంత మామూలుగా చేసేసింది. అది పరీక్షని గానీ, తను వేలు పెట్టకూడదని గానీ ఆ క్షణాన తట్టనే లేదు!

"నేనేరా..." అంది నెమ్మదిగా. "నేనే నొక్కాను."

కంచం ముందు కూర్చున్న వెంకటరాజు కలిపిన ముద్ద వదిలేశాడు. వాసు కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు.

"అమ్మా! 'చూపు లేని మనిషి ఎవరి సాయమూ లేకుండా నింపారు' అని రిపోర్టు రాసి సంతకం పెట్టానమ్మా! ఏం చేశావమ్మా నువ్వు!"

"ఏం చేశానురా! కన్నపిల్ల ఇబ్బంది పడుతుంటే చేతులు కట్టుకుని చూస్తానా! నువ్వు పక్కనుంటే నాకా పని పట్టేదా? ఫోను పట్టుకుని బాల్కనీలోకి పోయిందెవరు?" అని అరిచింది గానీ, ఆ అరుపులో పస లేదని ఆవిడకే తెలుస్తోంది.

దుర్గ ముఖం ఎర్రబడింది. "ఆరోజు నేనే చేశాననుకున్నానమ్మా... ఎంత సంబరపడ్డానో! నాలాంటి స్నేహితులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఈ సైటు బావుంది, భయపడకుండా అప్లై చేయండని! వాళ్ళందరూ ఇప్పుడు ఆ క్యాలెండర్ దగ్గరే ఇరుక్కుని ఉంటారు!"

"పదిహేనేళ్ళుగా నీ కళ్ళు ఎవరే?" అంది సత్యకుమారి.

"నువ్వేనమ్మా! కాదన్నానా? కానీ నువ్వు పక్కన కూర్చుంటే నాకేది చేతకాదో ఎవరికీ తెలియట్లేదు. చివరికి నాక్కూడా!"

సత్యకుమారి కొంగు నోట్లో కుక్కుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎంత మాట! కడుపున పుట్టిన పిల్ల నోటినుంచి ఎంత మాట! కాసేపు కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఏడుపు తగ్గాక మాత్రం పిల్ల అన్నదాంట్లో ఒక్క అబద్ధమూ దొరకలేదు. ముఖం కడుక్కుని బయటికొచ్చి, "ఫోన్ కలపరా మీ ముదీర్‌కి!" అంది.

"నేను మాట్లాడతాలేమ్మా. ఉద్యోగం పోతే పోయింది..."

"నోర్ముయ్! తప్పు నాది. కలుపు!"

అవతల ముదీర్, అంటే వాసు మేనేజరు షాహబాజ్ ఎత్తాడు. సత్యకుమారికి వచ్చిన హిందీ అంతా కూరగాయల బేరానిదే. అయినా వెనకాడలేదు. "భాయ్‌సాబ్, మేరా బేటా కా గల్తీ నహీ! మేరా గల్తీ! బేటీ కా టెస్ట్ మే మై బటన్ దబాయా!" అంటూ, తప్పు కొడుకుది కాదు, పిల్ల పరీక్షలో బటన్ నొక్కింది తనేనని ఒప్పేసుకుంది.

దానికి షాహబాజ్ చెప్పిన జవాబుని వాసు ఆవిడకి తెలుగులో చెప్పాడు. చూపు లేనివాళ్ళ దగ్గర్నుంచి అప్పటికే పదకొండు ఫిర్యాదులు వచ్చాయట! వాసు రిపోర్టు చూపించి, సైటు బాగానే ఉంది, లోపం మీ కంప్యూటర్లలోనే ఉందని పదకొండు మందికీ జవాబు రాశారట! పదకొండు మంది పిల్లలు... వాళ్ళ పక్కన ఏ అమ్మ ఉందో, లేదో!

వాసు ఉద్యోగమైతే పోలేదు గానీ, కొత్తగా వచ్చిన టీమ్ లీడర్ హోదా ఊడింది. గడువు వారం పొడిగించారు. ఆ పదకొండు మందికీ క్షమాపణ ఉత్తరం వెళ్ళింది. వాసు నిద్రాహారాలు మాని పనిచేశాడు. ఇప్పుడు తేదీ టైప్ చేయొచ్చు. ప్రతి బటనూ తన పేరు తను చెబుతుంది. పడవల బొమ్మల బదులు ఫోనుకి నంబరు వస్తుంది. టైము చాలకపోతే ఇంకాస్త ఇస్తుంది.

మళ్ళీ శనివారం వచ్చింది. "నేను బాల్కనీలోకి పోతాలేవే," అంది సత్యకుమారి ముభావంగా.

"ఎందుకమ్మా! ఇక్కడే కూర్చో. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకో," అంది దుర్గ.

కూర్చుంది. ఎంత కష్టం ఊరికే కూర్చోవడం! మధ్యలో దుర్గ ఒక గడి వదిలేసి ముందుకెళ్ళిపోతే నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య బిగబట్టింది. వేళ్ళు వేళ్ళలో గుచ్చి నొక్కుకుంది. దుర్గ తనే తెలుసుకుని వెనక్కొచ్చి నింపింది. చివరికి ఒక ప్రశ్న మిగిలింది. కంప్యూటర్ దాన్ని ఇంగ్లీషులో చదివితే, తల్లి కోసం దుర్గ తెలుగులో చెప్పింది. "ఈ దరఖాస్తు నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని అడుగుతోందమ్మా."

దుర్గ వేలు ఓ క్షణం ఆగింది. తర్వాత 'లేదు' అని ఎంచుకుంది.

సత్యకుమారి కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. చప్పుడు కాకుండా ఏడుద్దామనుకుంది గానీ, ఆ పిల్ల చెవిని దాటి ఏం పోతుంది?

"అమ్మా! 'లేదు' అని పెట్టినందుకు బాధపడ్డావా?"

"పడ్డానే! ఎందుకు పడను! పదిహేనేళ్ళు నీ వెంటే తిరిగాక 'లేదు' అంటే నేనేమైపోవాలి!" అంది సత్యకుమారి వెక్కుతూ. "అయినా సరే, అదే ఉంచు! మార్చావంటే ఊరుకోను... యల్లా, కానియ్, పంపించు!"

దుర్గ తల్లి భుజానికి తల ఆనించి, చెయ్యి చాచి, దరఖాస్తు పంపించేసింది.