ఉప్పునీళ్ళ ఎలుక గుండె

ఆ ప్రయోగశాలలో అందరూ ఆవిడని కోతలక్క అనేవారు. కోతలు కోసే మనిషి కాదు పాపం, నోట్లో నాలుక లేదు. ఆవిడ కోసేది తేలు విషం ఎక్కించిన ఎలుకల గుండెలు, కాలేయాలు. అవయవాన్ని మైనపు దిమ్మలో బిగించి యంత్రం పిడి తిప్పితే టక్‌మని ఉల్లిపొరకన్నా పల్చటి పొర ఊడివస్తుంది. దాన్ని గాజుపలక మీద పరిచి రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే, తేలు విషం లోపల ఎంత పాడుచేసిందో కనిపిస్తుంది. ముందు నెత్తుటి దారులు ఉబ్బుతాయి. తర్వాత కండ పోగులు తెగుతాయి.

ఆ తేళ్ళనుంచి విషం తీసేది ఆవిడ తమ్ముడే. ఆ పొద్దున్నే వాణ్ణి తేలు కుట్టింది. ఆసుపత్రినుంచి ఫోను చేసి, నొప్పి తగ్గిందనీ, సాయంత్రం ఇంటికి పంపేస్తారనీ, నర్సులు నీకన్నా బాగా చూస్తున్నారు, పని మానుకుని రావద్దనీ చెప్పాడు.

సరేలే అని కూర్చుంది, మనసు మాత్రం అక్కడే ఉంది. ఎప్పట్లాగే ముందు ఉప్పునీళ్ళ ఎలుక గుండె తీసింది. విషం బదులు ఉప్పునీళ్ళు ఎక్కించిన ఎలుక అది. బాగున్న గుండె ఎలా ఉంటుందో పోల్చుకోడానికి. దువ్విన జుట్టులా ఉండాలి దాని కండ.

లేదు. పోగుల మధ్య నెత్తురు చెదిరి ఉంది.

పొర సరిగ్గా రాలేదేమో అనుకుంది. అనుమానం వస్తే ఇంకాస్త లోతుకి కోసి చూడటం ఆ పనిలో వాళ్ళందరి అలవాటు. కోసింది. రంగులేసి చూసేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి పోగులు ఉబ్బి ఉన్నాయి. మళ్ళీ కోసింది. టక్... టక్... ఈసారి తెగి ఉన్నాయి.

ఆ ఎలుక చచ్చి మూడు నెలలైంది. మైనంలో ఉన్న గుండెకి పూటపూటకీ విషం ఎలా ఎక్కుతుంది? గదిలో మందుల ఘాటు వెనక ఏదో వాసన... పచ్చి నెత్తురు వాసన. చేయి మళ్ళీ పిడి మీదికి వెళ్ళింది. టక్.

ఫోను మోగింది.

"అక్కా..." తమ్ముడి గొంతు పీలగా ఉంది. "గుండెలో ఎవరో పొరలు తీస్తున్నట్టుందే."

"ఎప్పట్నించిరా?"

"పొద్దుట్నించీ ఆగాగి... ఇప్పుడే మళ్ళీ ఒకటి."

ఆవిడ పిడి మీదనుంచి చేయి తీసేసింది. ఊపిరి బిగబట్టి విన్నది.

"ఇప్పుడో?"

"...ఇప్పుడు లేదు."

వాణ్ణి ఇంటికి పంపొద్దని ఆసుపత్రి డాక్టరుని బతిమాలింది. దిమ్మని బీరువాలో పెట్టి తాళం వేసింది. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఈ మాట ఎవరితో అనగలదు? ఎవరితోనూ అనలేదు.

అయిదో రోజు తమ్ముడు తేరుకుని పనిలోకి వచ్చాడు. కిటికీలోంచి ఎండ పడుతోంది. నేను పోతాననుకుని నా తేళ్ళకి అప్పుడే కొత్త సంబంధం చూశారటగా అని గుమ్మంలోనే మొదలెట్టాడు. ఆవిడ మనసారా నవ్వుకుంది. అప్పుడే ప్రయోగశాల పెద్ద డాక్టరమ్మ వచ్చి, ఆ ఉప్పునీళ్ళ గుండె సగమే మన దగ్గరుంది, మిగతా సగం పొరుగూరి ప్రయోగశాలకి పంపాం, వాళ్ళు కోశారో లేదో కనుక్కో అంది.

కోతలక్క వెంటనే ఫోను చేసింది. అవతల ఎవరో పెద్దాయన తాపీగా పలికాడు. "ఆ దిమ్మాండీ? కోసే ఆయన సెలవులో ఉన్నాడు. ఇంకా విప్పనే లేదు. గదికి తాళం వేసుంది."

అమ్మయ్య అనుకుంది. ఫోను పెట్టేయబోయింది.

పెద్దాయన మాట వెనక, ఎక్కడో మూసిన తలుపు అవతల...

టక్.

గుమ్మంలో తమ్ముడి నవ్వు ఆగిపోయింది.