బంగారయ్య ముక్కు

శవం కంటెయినర్‌లో, బియ్యం బస్తాల మీద బోర్లా పడి ఉంది.

2021 ఆగస్టు, గురువారం. మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ రేవు పక్కన ఒక గోదాం. కంటెయినర్ తలుపు తెరిచింది మధ్యాహ్నం ఒకటీ యాభైకి. అప్పటిదాకా దానికి బయటి నుంచి గడియ వేసి ఉంది.

అగ్నిమాపక దళం వాళ్ళు మీటరు పెట్టి చూసి, అందరినీ దూరంగా వెళ్ళమన్నారు. లోపల నిండా ఫాస్ఫిన్. బియ్యానికి పట్టిన పురుగును చంపడానికి వేసే బిళ్ళల నుంచి పుట్టే విషవాయువు.

చనిపోయినవాడు బంగారయ్య. యాభై ఆరేళ్ళు. సరుకు దించే ముఠాకు మేస్త్రీ.

ఇన్‌స్పెక్టర్ కిశోర్‌కుమార్ రెండు మాస్కుల వెనక నుంచి ఆ ముఖాన్ని చూశాడు. ముక్కు కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. మాస్కు ఒరుసుకుని ఉంటుందన్నాడు డాక్టర్. కిశోర్‌కుమార్ తల ఊపాడు. ఆ ఏడాది తాను చూసిన శవాల్లో అది ఎన్నోదో ఆయనకు గుర్తు లేదు. గుర్తుంచుకోవాలన్న కోరిక కూడా ఎప్పుడో పోయింది.

పోస్ట్‌మార్టమ్‌కు ముందు కోవిడ్ స్వాబ్ తీశారు. పాజిటివ్. ఆ రోజుల్లో దేశమంతటా అలాంటివి రోజుకు వేలల్లో వచ్చేవి. ఆ మాటను అందరూ చూశారు. ఆగి ఆలోచించినవాడు లేడు.

సాయంత్రానికల్లా కేసు తేలిపోయినట్టే కనిపించింది. గడియ మీది వేలిముద్రలు సుగుమారన్‌వి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడు, బంగారయ్యకు స్వయానా మేనల్లుడు. రెండు రోజుల కిందట క్యాంటీన్‌లో మేనమామ వాడిని అందరి ముందూ చెంపదెబ్బ కొట్టాడు. పక్కన కూర్చుని అన్నం తినబోయినందుకట. హత్యానేరం కింద వాడిని లాకప్‌లో పెట్టారు. నేరం రుజువైతే ఉరి.

కిశోర్‌కుమార్‌కు ఒక్కటే మింగుడుపడలేదు. విషవాయువును పసిగట్టడమే వృత్తిగా బతికినవాడు విషవాయువులోకి ఎలా నడిచాడు?

ఆ సంవత్సరం ప్రపంచమంతా ఖాళీ కంటెయినర్ల కోసం అల్లాడుతోంది. ఓడలు రేవుల బయట లంగరు వేసుకుని పడి ఉన్నాయి. పెట్టెలు కావలసిన చోట లేవు. రవాణా ఛార్జీలు ఆకాశాన్ని అంటాయి. మలేషియా ఫ్యాక్టరీల్లో రబ్బరు గ్లవ్స్ గుట్టలుగా ఉన్నాయి, వాటిని పంపే పెట్టెలే లేవు. దిగుమతి సరుకును ఎవడు ముందు దించితే వాడికే ఎగుమతికి ఒక పెట్టె దక్కుతుంది. కాకినాడ నుంచి వచ్చిన ఈ బియ్యం వారాల తరబడి యార్డులో మగ్గి పురుగు పట్టింది. అందుకే రేవులో మళ్ళీ బిళ్ళలు వేశారు. గోదాంలోని గ్యాస్ మీటరు రిపేరుకు సింగపూర్ వెళ్ళి, సరిహద్దు మూతపడడంతో అక్కడే ఆగిపోయింది.

మిగిలిన మీటరు బంగారయ్య ముక్కు.

ఆ వాయువు కుళ్ళిన చేపలా కంపు కొడుతుంది. బంగారయ్య తలుపు ఓరగా తీసి, పక్కకు నిలబడి, మాస్కు దించి ఒక్కసారి పీల్చేవాడు. ఆయన సరేనంటే ముఠా లోపలికి. కాదంటే ఆ పూటకు తలుపు మూత. ఆ మాటకు ఎదురు చెప్పినవాడు గోదాంలో లేడు.

శుక్రవారం పొద్దున మేనేజరు మహేంద్రన్‌ను ప్రశ్నించారు. తాత రబ్బరు ఎస్టేటులో గుమస్తా. మనవడు తెలుగు సంఘంలో పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, ఎన్-95 మాస్కు, మాట చివర మలేషియావాళ్ళ 'లా'.

"తలుపు ఎప్పుడు తీశారు?"

"పదకొండూ పదికి. బంగారయ్య తీసినాడు. నేను పక్కనే ఉన్నాను."

"వాసన?"

"ఏమీ లేదు. అతను పీల్చి సరే అన్నాడు. నేను ఆఫీసుకి వెళ్ళిపోయినాను."

"ముఠా ఎక్కడుంది?"

"టీకి పంపినాడు. ఒక్కడే లోపలికి వెళ్ళినాడు. ఎందుకో నాకేం తెలుసు?"

"మీకు ఈమధ్య జ్వరం, జలుబు ఏమైనా?"

"ఒక్క తుమ్ము కూడా లేదు లా. రేవు పాస్ కోసం నిన్న పొద్దుటే టెస్ట్ చేయించినాను. నెగటివ్."

"మరి గ్యాస్ ఎక్కడిది?"

"బస్తాల సందుల్లో ఉండిపోయిందేమో. తలుపు మూసినాక నిండిపోయుంటాది." మహేంద్రన్ చేతులు శానిటైజర్‌తో రుద్దుకున్నాడు. "మూసినవాణ్ణి అడగండి, ఇన్‌స్పెక్టర్."

అడిగాడు. సుగుమారన్ లాకప్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. బండి తిప్పుకుని వచ్చేసరికి పదకొండున్నరకు వాన పడిందని, బియ్యం తడుస్తుందని తలుపు మూశానని, మావ అన్నానికి వెళ్ళాడనుకున్నానని చెప్పుకొచ్చాడు.

"మూసేటప్పుడు కంపు రాలేదా?"

వాడు చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఒచ్చింది టువాన్ బావూ. మాస్కులోంచి కూడా ఒచ్చింది. కుళ్ళు సేప కంపు. మావ సూసినాడు కదా, మావ ముక్కు ముందర నా ముక్కేటి అనుకున్నాను. రేవు బురదలే అనుకుని గడియేసినాను."

"తలుపు తీసినప్పుడు దగ్గరున్నావా?"

"బండి మీదున్నాను. మావ యెటకారం కూడా ఆడినాడు."

"ఏమని?"

"'వాసన ఉన్నాదేటి సార్?' అని మేనేజర్ని అడిగినాడు. ఊరందరూ మావని అడుగుతారు, మావ అడగడమేటని నవ్వుకున్నాను."

"ఆయన ఏమన్నాడు?"

"'ఏమీ లేదు లా, పో' అన్నాడు."

కిశోర్‌కుమార్ కలం ఆగింది. పక్కన నిలబడ్డ సార్జెంట్ మోగన ఆయన వంక చూసింది.

ఆ సాయంత్రం ఆయన బంగారయ్య ఇంటికి వెళ్ళాడు. నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్. భార్య కూర్మమ్మ తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది. శవాన్ని ఆమెకు చూపించలేదు. పాజిటివ్ కాబట్టి ప్లాస్టిక్‌లో చుట్టి నేరుగా దహనానికి పంపేశారు. ఆ సంగతి ఆమె పక్కింటివాళ్ళ కబురులా చెప్పింది.

పది రోజుల కిందట తనకు జ్వరం వచ్చిందని ఒప్పుకుంది. తర్వాత ఆయనకూ ఒళ్ళు వెచ్చబడింది. బయటికి తెలిస్తే గోదాం మూసేస్తారు, రోజుకూలీలు పస్తులుంటారు. అందుకని దాచారు.

"తిండి సరిగా తినేవాడా అమ్మా?"

"ఏటి పెడితే అది తినేసేవోడు బావూ. పచ్చిమిరపకాయలు కొరుక్కునేవోడు. పొద్దున లేస్తే నీలగిరి తైలం సీసా ముక్కుకింద రాసుకోడం, పీల్చడం. కాలిపోతాది, మానీ అన్నాను. మాన్లేదు."

కిశోర్‌కుమార్ చెయ్యి తెలియకుండానే మాస్కు కిందికి వెళ్ళింది. ఆయన పై పెదవి మీద కూడా ఒకప్పుడు అలాంటి మచ్చే ఉండేది. జనవరిలో జబ్బుపడి లేచాక నెల రోజులు పొద్దున్నే తైలం రాసుకుని పీల్చాడు. తర్వాత మానేశాడు. ఇప్పుడు టీ అంటే వేడినీళ్ళు. అన్నం అంటే మెత్తదనం. అంతే.

"మావని మేనల్లుడు సంపుతాడా బావూ?" అంది కూర్మమ్మ. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "ఆ కుర్రోణ్ణి నాకు ఇప్పించేయండి. ఇంక నాకెవరున్నారు?"

శనివారం పది గంటలకు గోదాం ఆఫీసు గదిలో అందరూ కూర్చున్నారు. మహేంద్రన్. బేడీలతో సుగుమారన్. గోడవారగా కూర్మమ్మ. కిశోర్‌కుమార్ ఒక స్టీలు టిఫిన్ బాక్సును బల్ల మీద పెట్టి మూత తీశాడు.

మహేంద్రన్ కుర్చీ వెనక్కి జరిగింది. ఎన్-95 మీద అరచెయ్యి అదుముకున్నాడు.

"వాసన ఉందాండి?" అన్నాడు కిశోర్‌కుమార్.

"ఉందా ఏటి? బెలచాన్ కదా అది. కుళ్ళిన రొయ్యల ముద్ద. తల తిరిగిపోతంది. మూత పెట్టండి."

"నాకు తెలియడం లేదు. ఏడు నెలలైంది. అందుకే మిమ్మల్ని అడిగాను."

మూత పెట్టాడు.

"బంగారయ్యకు కూడా తెలియలేదు. స్వాబ్ పాజిటివ్ అని కాగితం మీద అందరం చూశాం. ముక్కు కింద కాలిన చర్మాన్ని మాస్కు రాపిడి అనుకున్నాం. కోవిడ్‌తో ముక్కుకు వాసన పోయిందేమోనన్న భయంతో రోజూ తైలం రాసుకుని పరీక్షించుకున్నాడు. మేనల్లుడు పక్కన కూర్చోబోతే కొట్టింది కక్షతో కాదు, జబ్బు అంటుతుందని. ముఠాను టీకి పంపిందీ అందుకే. తన ముక్కు మీద తనకు నమ్మకం పోయింది. అయినా తలుపు తీయాలి. తీశాడు. ఆరోజు నెగటివ్ వచ్చిన మనిషి పక్కనే ఉన్నాడు. ఆయన్ని అడిగాడు."

మహేంద్రన్ శానిటైజర్ సీసా కోసం జేబు తడుముకున్నాడు.

"ఎన్-95లోంచి రొయ్యల ముద్ద పసిగట్టిన ముక్కు మీది. ఇరవై నిమిషాల తర్వాత ఈ కుర్రాడికి తలుపు బయటే తెలిసిన కంపు, తలుపు తీసిన క్షణంలో మీకు తెలియలేదా?"

"కొంచెమే ఉన్నాది." గొంతు చాలా చిన్నగా వచ్చింది. "గాలికి పోతాదనుకున్నాను. సాయంత్రానికి పెట్టె ఖాళీ కాకపోతే గ్లవ్స్ ఆర్డర్ వేరేవాళ్ళకి పోయేది. అప్పటికే రెండు పోయినాయి. మూడోది పోతే గోదాం మూతే. ఇంతమంది కూలీలకి ఎవరు పెడతారు, ఇన్‌స్పెక్టర్? మీరు పెడతారా?"

కిశోర్‌కుమార్ టిఫిన్ బాక్సును పక్కకు జరిపాడు. తనకు కోపం వస్తుందేమోనని ఒక నిమిషం చూశాడు. రాలేదు. మోగనకు సైగ చేశాడు. ఆమె సుగుమారన్ బేడీలు విప్పి, మహేంద్రన్‌కు వేసింది.

మర్నాడు పొద్దున విడుదల కాగితం మీద సంతకాల కోసం ఆయన మళ్ళీ ఆ ఫ్లాట్‌కు వెళ్ళాడు. కూర్మమ్మ కూర్చోమంది. ఇడ్లీ, కొబ్బరి పచ్చడి పెట్టింది. వద్దనలేక తిన్నాడు. ఆమె కూడా ఎదురుగా కూర్చుని రెండు ముద్దలు తింది. సుగుమారన్ స్నానం చేసి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పచ్చడి ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

ఒకసారి అత్త వైపు, ఒకసారి ఇన్‌స్పెక్టర్ సగం ఖాళీ చేసిన పళ్ళెం వైపు చూశాడు. ఏమీ అనకుండా తినేసేవాడిలాగే కనిపించాడు.

"అత్తా," అన్నాడు చివరికి. "ఇది పులిసిపోనాది. కంపు కొడతంది."

కూర్మమ్మ తన పళ్ళెం వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆమెకూ ఏమీ తెలియలేదు. గిన్నె పక్కకు పెట్టేసింది.

"మంచిపని సేసినావురా, సెప్పినావు," అంది. "ఇకమీదట ఈ ఇంట్లో నువ్వే సూడాల."