చెత్తపెట్టెలో పుట్టినరోజులు

“హలో పిల్లలూ! ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతిదీ నిజమేనా? ఈరోజు అది తేల్చేద్దాం,” అంటూ డీనా లాప్‌టాప్ కెమెరా వంక చూసి నవ్వింది. పొద్దుటి నుంచి అదే నవ్వు నవ్వీ నవ్వీ ఆమె దవడలు నొప్పెడుతున్నాయి. సరిగ్గా అప్పుడే వెనక నుంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

“గ్రేవీలో మిరియాల పొడి వేశావా, నన్ను వెయ్యమంటావా?”

డీనా కళ్ళు మూసుకుంది. “మిస్ వెర్నా, రికార్డింగ్ అవుతోంది.”

“అవనీ. నా జుట్టు బాగానే ఉందిగా,” అంటూ వెర్నా చేతికర్ర టకటకలాడించుకుంటూ పొయ్యి దగ్గరికి నడిచింది. వీడియోలో ఇప్పుడు ఆవిడ గులాబీ రంగు నైట్‌గౌను, బిస్కెట్ల పళ్ళెం కూడా చేరాయి. డీనా అంతా చెరిపేసి మళ్ళీ మొదటికొచ్చింది.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా డీనా అత్తగారిని మిస్ వెర్నా అనే పిలుస్తుంది. ఆ కొండల ఊళ్ళో ఉన్నది ఒక్కటే చిన్నబడి. దాని లైబ్రరీకి వెర్నా ముప్ఫై ఏళ్ళు మహారాణి. డీనా చిన్నప్పుడు ఆ లైబ్రరీలోనే గుసగుసలాడి ఆవిడ చేత చీవాట్లు తిన్నది. కిందటి శీతాకాలం మోకాలి ఆపరేషన్ అయ్యాక వెర్నా తన ఇల్లు అద్దెకిచ్చి కొడుకు ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి డీనాకి వంటింట్లోనూ చీవాట్లు తప్పడం లేదు.

డీనా అదే బడిలో నాలుగో తరగతి టీచరు. రెండేళ్ళుగా పగలు పిల్లలతో గొంతు చించుకుని, సాయంత్రాలు ఈ బల్ల దగ్గర కూర్చుని స్కూలు లైబ్రేరియన్ కావడానికి మాస్టర్స్ చదువుతోంది. ఆ చదువులో సగం పుస్తకాలు, సగం కంప్యూటర్లు. ఇక మిగిలింది ఈ వీడియో పాఠమూ, బడి లైబ్రరీలో శిక్షణ గంటలూ మాత్రమే. అవి పూర్తయితే మే నెలలో పట్టా, ఆగస్టులో లైబ్రరీ ఉద్యోగం. పూర్తి కాకపోతే ఆ కుర్చీలో బయటి ఊరివాళ్ళెవరో వచ్చి కూర్చుంటారు. అలాంటి కుర్చీ మళ్ళీ ఖాళీ అయ్యేసరికి డీనాకే చేతికర్ర వస్తుంది.

“మా కాలంలో పిల్లాడి చేతిలో పుస్తకం పెట్టి చదవరా అనేవాళ్ళం. దానికి రెండేళ్ళ చదువెందుకో!” అంది వెర్నా గ్రేవీ కలుపుతూ.

“ఇప్పుడు పిల్లాడి చేతిలో ఫోను ఉంటోంది, మిస్ వెర్నా. అందుకు.”

ఆ మాటకి వెర్నా ఏదో బదులు చెప్పబోయేంతలో బయట పికప్ ట్రక్ వచ్చి ఆగింది. డీనా భర్త క్లింట్ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. చొక్కా నిండా మరకలు, టోపీ మీద అరటితొక్క పీచు.

“డీనా, ఏం పని చేశావే?” అన్నాడు.

“ఇప్పుడేం చేశాను?”

“బేస్‌బాల్ ప్రాక్టీసుకు వచ్చిన జనమంతా బడి వెనక పెద్ద చెత్తపెట్టె చుట్టూ మూగారు. వెండెల్ దాంట్లోకి దిగి మరీ లైబ్రరీ పుస్తకాలు తీశాడు. ఫొటోలు తీసి ఊరి ఫేస్‌బుక్ పేజీలో పెట్టాడు. దొరికినవన్నీ నేను ట్రక్కులో వేసుకొచ్చాను.”

వెండెల్ స్టర్‌గిల్ అంటే స్కూలు బోర్డు అధ్యక్షుడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అదే క్షణంలో ఆమె ఫోను మోగింది. అవతల ప్రిన్సిపల్.

“డీనా, నీ మీద నాకు కోపం లేదు,” అన్నాడాయన, కోపం ఉన్నవాళ్ళు అనేలాగే. “కానీ వెండెల్ చల్లబడేదాకా నువ్వు లైబ్రరీలో అడుగు పెట్టొద్దు. శిక్షణ ఆగినట్టే. అతన్ని నువ్వే చూసుకో.”

ఫోను పెట్టేసి చూస్తే వంటింట్లో వెర్నా లేదు. పొయ్యి మీద గ్రేవీ మాడుతోంది.

వెర్నా ఇంటి పక్క కారు నిలిపే కార్‌పోర్టులో, ట్రక్కు నుంచి దించిన అట్టపెట్టెల మధ్య నిలబడి ఉంది. ఒక పుస్తకం తీసి అట్ట తెరిచి చూసింది. ఇంకోటి తెరిచింది.

“వీటిని పారేసింది నువ్వా?”

“పారేయడం కాదు, మిస్ వెర్నా. కలుపు తీయడం. అలాగే అంటారు. పాతబడ్డవీ, ఎవరూ ముట్టనివీ తీసేస్తే కొత్తవాటికి చోటొస్తుంది. అది నా శిక్షణలో భాగం.”

“కలుపా? ఈ పిల్లలు కలుపా?”

వెర్నా తెరిచిన పేజీ డీనా ముఖం మీదికి తోసింది. అట్ట లోపల రంగు కాగితం అంటించి, దాని మీద ఒక పిల్లవాడి పేరు, ఫలానా పుట్టినరోజు అని వెర్నా గుండ్రటి చేతిరాత. ఆ బడిలో అదొక ఆచారం. పిల్లల పుట్టినరోజుకి తల్లిదండ్రులు లైబ్రరీకి ఒక పుస్తకం కొనిస్తారు. ఆ రోజు ఆ పిల్లో పిల్లాడో పెద్ద కుర్చీలో కూర్చుంటే క్లాసంతా చప్పట్లు కొడుతుంది, పుస్తకం అరలోకి వెళుతుంది. ఈ పద్ధతి మొదలుపెట్టింది వెర్నాయే. ఇప్పుడు ఊళ్ళో మెకానిక్కులు, నర్సులు, షెరిఫ్, అందరి పుట్టినరోజులూ ఆ అరల్లోనే ఉన్నాయి. నిన్నటిదాకా ఉన్నాయి.

తప్పు చేశానని తెలిసిన మనిషికి వచ్చే కోపమే డీనాకీ వచ్చింది.

“లోపల ఏముందో చూడండి మీరు! దీంట్లో సోవియట్ యూనియన్ ఇంకా బతికే ఉంది. దీంట్లో ప్లూటో గ్రహం. ఇది బూజు పట్టి తెరిస్తే తుమ్ములు!”

“ప్లూటో ఎక్కడికీ పోలేదు. ఎక్కడుండేదో అక్కడే ఉంది. గ్రహం కాదన్నది మీ చదువుకున్నోళ్ళు.”

“అమ్మా,” అన్నాడు క్లింట్.

“నువ్వు నోరు మూసుకో!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. క్లింట్ బుద్ధిమంతుడిలా టోపీ తీసి లోపలికి పోయాడు.

“ముప్ఫై ఏళ్ళలో మీరు ఒక్క పుస్తకం తీయలేదు, మిస్ వెర్నా. ఒక్కటి! పిల్లలు లైబ్రరీకి వచ్చి ఈ కంపు చూసి ఫోన్లు తీసుకుంటున్నారు. మీరు పెంచిన కలుపు నేను పీకుతున్నాను. దానికి ఊరిచేత తిట్లు, ఇంట్లో మీచేత తిట్లు! నా చదువు గంగలో కలిసినా మీకు పట్టదు.”

ఆ మాట అనేసి డీనా నాలుక కరుచుకుంది. వెర్నా చేతిలోని పుస్తకం మూసింది.

“తీద్దామని ఎన్నోసార్లు చెయ్యి పెట్టాను,” అంది వెర్నా మెల్లగా. “అట్ట తెరవగానే ఎవడో ఒక వెధవ పేరు. పళ్ళూడిపోయిన నోటితో ఆ కుర్చీలో కూర్చుని నవ్విన మొహం. ఎలా తీసెయ్యను? నువ్వు ఒక్కదాని అట్టయినా తెరిచావా?”

డీనా తెరవలేదు. పాతవేవో, ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోనివేవో కంప్యూటరే చెప్పింది. వెనక అట్ట మీది బార్‌కోడ్ గీతల్ని మిషనుతో చదివించి, అది కూత పెట్టగానే పెట్టెలో పడేసింది. ఒక విడత కిందటివారమే చెత్తబండిలో వెళ్ళిపోయింది. ఇది రెండో విడత. తీసేసే ముందు ఊరికి నాలుగు మాటలు చెప్పాలని పాఠంలో ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఆవలిస్తూ విన్న పాఠం అది.

“లేదు. కిందటివారం బండిలో వెళ్ళినవాటినీ తెరవలేదు,” అంది డీనా.

వెర్నా చేతికర్రతో పుస్తకాలు పక్కకి జరుపుతూ పెట్టెలన్నిట్లో దేనికోసమో వెతికింది, దొరకలేదు. అప్పుడే వాకిట్లో ఇంకో కారు ఆగింది. వెండెల్ స్టర్‌గిల్ దిగాడు. యాభై దాటిన భారీ మనిషి, చంకలో డైనోసార్ల పుస్తకం.

“డీనా, ఇదేంటో చెప్తావా? మా నాన్న గనిలో రెండు షిఫ్టులు చేసిన వారం కొన్న పుస్తకం ఇది. ఆయన ఇప్పుడు లేడు. దీన్ని పిజ్జా డబ్బాల కింద నుంచి తీశాను.”

“తప్పయింది, వెండెల్. తెరిచి చూసుండాల్సింది. చూసుంటే నీకే ఫోను చేసేదాన్ని.”

“నీ పుట్టినరోజు పుస్తకమైతే ఇలాగే పారేసేదానివా?”

“నాకు లేదు. నేను జూలైలో పుట్టాను, బడి ఉండదు. మా అమ్మ హోటల్లో పళ్ళేలు మోసేది. ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు.”

“అదీ సంగతి!” అన్నాడు వెండెల్. “నీ పేరు అక్కడ లేదు కాబట్టే చెయ్యి వణకలేదు. అలాంటి మనిషి చేతికి మా లైబ్రరీ ఎలా ఇస్తాం?”

“వెండెల్, నోరు ముయ్యి.”

వెర్నా ఆ మాట లైబ్రరీలో అన్నట్టే, గొంతు పెంచకుండా అంది. యాభై దాటిన వెండెల్ టక్కున నోరు మూశాడు.

“దానికీ ఉంది పుస్తకం. అందరికీ ఉన్నట్టే ఉంది. కిందటివారం బండిలో పోయిందే, ఆ పెట్టెల్లో పోయింది. నీది నీ చంకలో ఉంది. ఈ పిల్లది చెత్తగుట్ట కింద ఉంది. తన పర భేదం లేకుండా పారేసింది. అంతకంటే న్యాయంగా పనిచేసే లైబ్రేరియన్ నీకెక్కడ దొరుకుతుంది? ఇంటికెళ్ళి ఆ ఫొటోలు తీసెయ్. సోమవారం దాన్ని లైబ్రరీలోకి రానివ్వమని ప్రిన్సిపల్‌కి చెప్పు.”

వెండెల్ డీనా వంక చూశాడు. ఆమె ముఖంలో రక్తం లేదు. అతనికి ఇక దెబ్బలాడే ఓపిక పోయింది. “సరే, మిస్ వెర్నా,” అని గొణిగి, “సోమవారం లైబ్రరీకి రా,” అని డీనాతో అని, పుస్తకాన్ని చొక్కాకి తుడుచుకుంటూ కారెక్కాడు.

కారు మలుపు తిరిగాక డీనా అత్తగారి వైపు తిరిగింది.

“వాణ్ణి పంపెయ్యడానికి అలా అన్నారు కదూ?”

“నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా? గుర్రాల పుస్తకం. నీలం అట్ట. నువ్వు రెండో తరగతిలో ఎప్పుడూ గుర్రాల బొమ్మలే గీసేదానివి. జూలై పిల్లలకి ఆగస్టులో బడి తెరిచాక చప్పట్లు కొట్టించేదాన్ని. తెరిచేసరికి మీ అమ్మ ఫ్యాక్టరీ పని కోసం నిన్ను తీసుకుని డేటన్ నగరానికి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేసరికి నువ్వు హైస్కూలు పిల్లవి.”

“ఎవరు కొన్నారు దాన్ని? మా అమ్మ దగ్గర...”

“ఎవరు కొంటే నీకెందుకు?”

డీనాకి ఆ నీలం అట్ట గుర్తొచ్చింది. కొత్తదానిలా నిగనిగలాడుతుంటే ఒక్క క్షణం ఆగింది కూడా. ఇన్నేళ్ళలో ఒక్కరూ తీసుకెళ్ళలేదని కంప్యూటర్ చెప్పింది. ఎవరూ ముట్టని ఈ పుస్తకాన్ని ఏ బుద్ధిలేనివాళ్ళు కొన్నారో అని విసుక్కుంటూ పెట్టెలోకి విసిరింది.

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు మీరు?” అంది. కోపంగా అందామనుకుంది, ఏడుపొచ్చేసింది. మెట్టు మీద కూలబడి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

వెర్నాకి ఆ మోకాలితో కిందికి వంగడం కుదరదు. నిలబడే కోడలి తల మీద చెయ్యి వేసింది.

“ఆ బడిలోనే ఉన్నావు కదా, ఏదో ఒకరోజు నువ్వే తీసి తెరుస్తావులే అనుకున్నాను. అరలో పెట్టి ఊరుకున్నాను. పుస్తకానికి కాళ్ళున్నాయా, దానంతటది పిల్ల చేతికి నడిచి రావడానికి? తీసి చేతికివ్వాలి. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసి, ఆ ఒక్క పుస్తకం ఇవ్వలేకపోయాను. నువ్వు పారేయలేదే పిల్లా. నేనే ఇవ్వలేదు.”

డీనా ఆవిడ చేతిని తన చెంపకి ఆనించుకుంది.