వెళ్లేటప్పుడు నడక, వచ్చేటప్పుడు పడవ

"మా పొట్ట కొట్టడానికి మీకు ఈ సముద్రమే దొరికిందా?"

సరంగు కూతురు పడవలోంచి నడక మాస్టారుతో అన్న మొదటి మాట అది. చీలమండల లోతు నీళ్లలో నిలబడ్డ అతనికి ఒళ్లు మండింది. సముద్రం మీ నాన్నగారి పేరున రాసుందా అని అడిగేశాడు.

ఆ చిన్న ఊళ్లో డబ్బు పెట్టి చూసేవి తక్కువ. ఊరికే చూసేవి మాత్రం బోలెడు. లైట్‌హౌస్, గవ్వల ఒడ్డు, రాళ్ల గుంటల్లో పీతలు. అన్నిటికన్నా గొప్పది ఎదురుగా సముద్రం మధ్యలో ఉన్న ఇసుక తిప్ప. ఆటు వచ్చి నీళ్లు తగ్గితే ఒడ్డు నుంచి దాని దాకా ఇసుక దారి తేలుతుంది. ఆ దారిన జనాన్ని నడిపించి, పక్షుల్ని చూపించి, ఎవరికి తోచింది వాళ్లిస్తే పుచ్చుకోవడం నడక మాస్టారు పని. అదే తిప్పకి టికెట్ పెట్టి పడవ నడపడం సరంగుగారి పని. ఆయనకి నడుం పట్టేయడంతో చుక్కాని కూతురి చేతికొచ్చింది.

"ఒక్కరోజు పోటు లెక్క తప్పారంటే మళ్లీ మీ వెనక ఎవరూ నడవరు" అని హెచ్చరించింది ఆమె. ఆ రోజు రాదు లెండి అన్నాడతను.

అప్పట్నుంచీ రోజూ పడవ అతని పక్కగా వెళ్లేది, ఓ చురక తగిలేది. చెప్పులింకా అరగలేదా అని ఒకరోజు, పీతలకి పేర్లు పెట్టారా అని ఇంకోరోజు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత చురక పడని రోజు అన్నం సయించడం మానేసింది. సముద్రానికెళ్లేవాడికి ఇంత దువ్వుకోవడం దేనికిరా అని వాళ్లమ్మ అడగనే అడిగింది.

ఆ సెలవు రోజున జనం విరగబడ్డారు. అందర్నీ తిప్పకి నడిపించుకెళ్లాడు. పడవ రాలేదు. ఆమెకి కోపమొచ్చిందా, ఒంట్లో బాగాలేదా అని సముద్రం వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"నాయనా, మనం వచ్చిన దారేదీ?" అంది ఒక పెద్దావిడ.

దారి లేదు. నీళ్లున్నాయి. తిప్ప మునగదు గానీ, మళ్లీ ఆటు వచ్చేదాకా పిల్లాపాపలతో అక్కడే పడుండాలి. రేపట్నుంచి తన మాట ఎవరు నమ్ముతారు?

అప్పుడు ఇంజిన్ చప్పుడు వినిపించింది. ఖాళీ పడవ, చుక్కాని దగ్గర ఆమె. ఇప్పుడామె నోరు విప్పితే అతని పని సరి.

"మెల్లగా ఎక్కండి. వెళ్లేటప్పుడు నడక, వచ్చేటప్పుడు పడవ. మా టూర్ పద్ధతే అంత. మాస్టారు చెప్పలేదా?"

చెప్పలేదమ్మా, నా మోకాళ్లు బతికిపోయాయి అంటూ పెద్దావిడే ముందెక్కింది.

అతను ఆఖరున ఎక్కి చుక్కాని పక్కన కూలబడ్డాడు. ఇవాళ ఎందుకు రాలేదని గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరెక్కారు గనక? ఊరంతా మీ వెనకే వచ్చేసింది. ఒడ్డున కూర్చుని చూస్తున్నా, ఎంతకీ కదలరేం?"

"మీ పడవ ఇంటికి తిరిగితేనే నేను జనాన్ని కదిలిస్తాను. రోజూ అంతే."

"చేతికి గడియారం ఉందిగా?"

"చూడ్డం మానేశాను. మిమ్మల్ని చూస్తున్నాను." ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "మీరంటే నాకిష్టం."

పడవ తిన్నగా పోవడం మానేసి వంకర్లు తిరిగింది.

ఒడ్డున నడుం పట్టుకుని నిలబడ్డ సరంగుగారు ఆ వంకర్లన్నీ చూశారు. అందరూ దిగాక కూతురి మొహం చూశారు, అతని మొహం చూశారు. చుక్కాని పట్టుకున్న మనిషితో కబుర్లేమిటయ్యా అని కసిరి, అంతలోనే మెత్తబడ్డారు.

"రేపు సాయంత్రం మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రా. మాట్లాడుకుందాం."

అతను తలూపాడు. ఆమె తాడు కడుతూ, తలెత్తకుండానే అంది.

"నడిచే రండి. తిరిగి నేను దింపుతాను."