చక్రం చప్పుడు

భువనగిరి ఖిల్లా బండ మీద ఎండ ఇంకా పడకముందే నిర్మలమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, పొయ్యి మీద చాయ్ పెట్టింది. రోజూ అయితే ఈపాటికి బస్సెక్కి యాదగిరిగుట్టకు పోయి, కొండ కింద తన కొబ్బరికాయల దుకాణం తెరుస్తూ ఉండేది. ఈ వారం తెరవలేదు. కొడుకు ఇంట్లో ఉంటే ఆమె గడప దాటదు. ఎందుకని ఎవరైనా అడిగితే పిల్లగాడికి వండిపెట్టాలి కదా అంటుంది. అసలు కారణం అది కాదు. దాన్ని ఆమె తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

కొడుకు ప్రవీణ్ హైదరాబాదులో గుర్రప్పందేల జాకీ. సన్నగా, పొట్టిగా, పెనంలో వేగిన గింజలా ఉంటాడు. చూసినవాళ్లు ముప్పై దాటినవాడని అనుకోరు. మొన్న ఆదివారం పందెంలో ఒక ఎర్ర ఆడగుర్రం మీద కూర్చుని, గెలుపుగీత ముందర దాన్ని కొరడాతో బాదాడు. పందెంలో గుర్రాన్ని ఇన్ని దెబ్బలకు మించి కొట్టకూడదని హద్దు ఉంది. కొట్టిన దెబ్బలు లెక్కపెట్టడానికి కెమెరాలు, వాటి ముందు అధికారులు ఉంటారు. ప్రవీణ్ హద్దును మరిచిపోయాడు. గుర్రం తొడ మీద తోలు లేచిపోయింది. ఇంతకుముందు ఇదే తప్పుకు జరిమానా కట్టినవాడు కాబట్టి ఈసారి రేసు క్లబ్బువాళ్లు రెండు నెలలు గుర్రం ఎక్కొద్దన్నారు. దాని మీద అప్పీలు పెట్టుకున్నాడు. రేపే విచారణ.

"అమ్మా, ఇంకోసారి చెప్పు. ఏం చెప్తవు రేపు?" అంటూ ప్రవీణ్ వంటింటి గడపలో నిలబడ్డాడు.

"చెప్పిన గదరా నిన్న."

"గట్ల నసుగుతె కాదు. పెద్దపెద్దోళ్లు కూసుంటరు ఆడ. విజేందర్ సార్ ఏమన్నడు? మీ అమ్మ వచ్చి చెప్తె మెత్తవడతరన్నడు."

విజేందర్ ఆ గుర్రానికి శిక్షణ ఇచ్చేవాడు. ఈ ఉపాయం ఆయనదే. నిర్మలమ్మ గొంతు సవరించుకుని, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా మొదలుపెట్టింది.

"అయ్యా, మాది జట్కా ఇల్లు. మా ఆయన నర్సింహ రాయగిరి టేషను నుంచి గుట్టకు జట్కా కొట్టిండు. గుర్రం మీద ఒక్క దెబ్బ ఎయ్యలే. కొరడా కట్టెను తిరిగే చక్రం చువ్వలకు ఆనిస్తె టకటక చప్పుడొస్తుండె. గా చప్పుడుకే గుర్రం ఉరుకుతుండె. గసుంటి తండ్రికి పుట్టినోడయ్యా నా కొడుకు."

"గదీ!" అని ప్రవీణ్ నవ్వాడు. "ఆఖరుకు జర కండ్లల్ల నీళ్లు తెచ్చుకో."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. నర్సింహ నిజంగానే గుర్రాన్ని కొట్టేవాడు కాదు. గుట్టకు వచ్చిన భక్తులు ఎన్ని జట్కాలున్నా నర్సింహ జట్కా కోసమే ఆగేవారు. ఎంత నెమ్మదస్తుడివయ్యా అని మెచ్చుకునేవారు. ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాక కూడా ఆ పేరు పోలేదు. ఆయన పోయి ఏళ్లవుతున్నా, పెరటి గోడలో దిగ్గొట్టిన ఇరుసు ముక్కకు ఆయన జట్కా చక్రం ఒకటి ఇంకా వేలాడుతూనే ఉంది. తిప్పితే తిరుగుతుంది. మనవరాలు మల్లీశ్వరికి అదే ఆటబొమ్మ.

మల్లి ఇప్పుడు తండ్రి ఫోను ముందేసుకుని చాప మీద కూర్చుంది. మొదటిసారి జరిమానా పడ్డప్పుడు ప్రవీణే దానికి ఒక ఆట నేర్పాడు. తన పందెం వీడియో పెట్టి, తాను గుర్రాన్ని ఎన్నిసార్లు కొడుతున్నాడో పైకి లెక్కపెట్టమనేవాడు. హద్దు దాటితే "డాడీ, ఎక్కువైంది" అని అరవాలి. నా ఇంటి అధికారివి నువ్వే అని దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకునేవాడు. ఆ ముద్దు కోసం పిల్ల అంకెలన్నీ బడికి పోకముందే నేర్చేసుకుంది.

వంటింటి మూలన కోడలు శ్రీవాణి ఎడమచేత్తో ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఆమె ఎడమచేతివాటం మనిషి కాదు. కుడి మణికట్టుకు పసుపు గుడ్డ కట్టి ఉంది. నాలుగు రోజుల కింద దవాఖానలో డాక్టరమ్మ అడిగితే, నిర్మలమ్మే ముందుకొచ్చి "బాత్రూంల జారిపడ్డది మేడం" అని చెప్పింది. అలా చెప్పడం ఆమెకు అలవాటే. ఎప్పటి నుంచో అలవాటు.

"రాత్రికి జల్ది పండుకో. రేపు పొద్దుగాల్నే బయలెల్లాలె," అని నిర్మలమ్మ కొడుకుతో అన్నది.

అప్పుడు శ్రీవాణి కత్తిపీట మీది నుంచి తలెత్తకుండానే అన్నది. "తప్పయిందని ఒప్పుకుంటే ఏమైతది?"

ప్రవీణ్ అటు తిరిగాడు. "ఏందే?"

"ఏం లేదు. గా గుర్రం నెత్తురు అందరికీ కనవడ్డది. మా అన్న ఫోన్‌ల గూడ చూసిండట. అత్తమ్మను తోలుకపోయి కతలు చెప్పిచ్చుడెందుకు? తప్పయింది, ఇంకోసారి కొట్టనని చెప్పరాదా?"

"మీ అన్నకు చెప్పినవా నువ్వు? ఇంకేం చెప్పినవు?"

"నేనేం చెప్పలే. చేతికి ఏమైందని అడిగిండు. జారిపడ్డనన్న."

"అడిగిండా! ఎందుకడిగిండు? నువ్వు ఏడ్చుకుంట మాట్లాడితెనే గదా అడిగేది!"

ప్రవీణ్ గొంతు మారింది. ఆ మారడం నిర్మలమ్మకు ఒంటి మీద తెలుస్తుంది. ఎప్పుడో మానిన చోట్ల కూడా తెలుస్తుంది. కొడుకు గొంతులో మొగుడి గొంతు వినబడిన మొదటి రోజు ఆమె దేవుడి పటం ముందు కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం మానేసి చాయ్ పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడూ అదే చేసింది. గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోసి మంట పెంచింది.

"మల్లీ, ఫోను అక్కడ పెట్టు బిడ్డా. ఎనుకకు పోయి చక్రం తిప్పుకో. కట్టె ఆనిచ్చి జోరుగ తిప్పు. నేను పిలిచినదాంక రాకు."

పిల్ల లేచి పెరట్లోకి పరిగెత్తింది. శ్రీవాణిని ప్రవీణ్ జబ్బ పట్టుకుని లోపలి అర్రలోకి ఈడ్చుకుపోయాడు. తలుపు పడింది. పెరట్లో చక్రం తిరిగింది. టకటకటక. గోడ అవతల బీరన్న ఇంట్లోవాళ్లకు ఆ చప్పుడే వినబడుతుంది. ముసలమ్మ మనవరాలు ఆడుకుంటోందని అనుకుంటారు. నిర్మలమ్మ గరిటె పట్టుకుని పొంగే చాయ్ కేసి చూస్తూ నిలబడింది. లోపల బెల్టు చప్పుడు ఒకటి విన్నది. వినలేదనుకుంది.

ఉన్నట్టుండి చక్రం ఆగిపోయింది.

మల్లి అర్ర కిటికీ దగ్గరికి వచ్చింది కాబోలు. నిర్మలమ్మకు పిల్ల గొంతు వినబడింది. ఆ గొంతులో భయం లేదు. ఫోను ముందు కూర్చున్నప్పటిలాగే, బాగా వచ్చిన పాఠం అప్పజెప్పినట్టే ఉంది.

"మూడు... నాలుగు... ఐదు..."

నిర్మలమ్మ చేతిలోని గరిటె కింద పడింది.

"...ఆరు... ఏడు. డాడీ, ఎక్కువైంది! డాడీ, ఎక్కువైంది!"

ఆమె తలుపును ఎలా తోసిందో ఆమెకే తెలియదు. గొళ్లెం ఊడి వచ్చింది. శ్రీవాణి మంచానికీ గోడకూ మధ్య ముడుచుకుని, కట్టు కట్టిన చెయ్యి పొట్టలో దాచుకుని ఉంది. ప్రవీణ్ బెల్టు ఎత్తి పట్టుకుని కిటికీ కేసి చూస్తున్నాడు. అవతల చువ్వలు పట్టుకుని కూతురు నిలబడి ఉంది. తాను ఆట సరిగ్గానే ఆడినా తండ్రి ఎందుకు నవ్వడం లేదో దానికి అర్థం కావడం లేదు.

నిర్మలమ్మ బెల్టు గుంజుకుంది. ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందని ప్రవీణ్ అనుకోలేదు.

"అమ్మా, నువ్వు బయటికి పో."

"ఎన్నటి నుంచో బయటనే ఉన్న. ఇయ్యాల లోపటికొచ్చిన," అన్నది ఆమె. "రేపు నన్ను సాక్ష్యం చెప్పుమన్నవ్ గదా? మీ బాపు గుర్రం మీద చెయ్యి ఎయ్యలేదని? నిజమే, ఎయ్యలే. గా గుర్రం మీద పడని దెబ్బలన్నీ ఇంటికొచ్చి నా మీద ఏసిండు. ఇన్నేండ్లు నీకు చెప్పలే. నీ తండ్రి మంచోడని చెప్పుకుంట పెంచిన. తప్పు చేసిన."

ప్రవీణ్ మంచం మీద కూలబడ్డాడు.

"నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"చక్రం ఎవలు తిప్పిన్రమ్మా? నేనే గదా. కట్టె చేతులవెట్టి ఎనుకకు పంపింది నువ్వే గదా. జోరుగ తిప్పు, నేను పిలిచినదాంక రాకు అంటుంటివి. బొబ్బలెక్కినా ఆపకపోతుంటి. ఆపితే నీ ఏడుపు ఇనవడ్తదని."

ఇన్నేళ్లూ నిర్మలమ్మ పరువు కాపాడుకుంటున్నాననుకుంది. పిల్లవాడి చెవిన పడకుండా చూస్తున్నాననుకుంది. ఆ చప్పుడు వెనక ఏముందో అందరికంటే బాగా ఎరిగినవాడు వాడే. ఇప్పుడు వాడి కూతురి చేతిలో అదే కట్టె పెట్టి, అదే మాట చెప్పి, తానే పెరట్లోకి పంపింది. ఆమె గోడ పట్టుకుని నేల మీద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకోకుండా బిగ్గరగా ఏడ్చింది. బీరన్న ఇంటికి వినబడేంతగా ఏడ్చింది. అలా ఏడవడం ఆమెకు జన్మలో అదే మొదటిసారి.

"అవును, నేనే అన్న," అన్నది చివరికి కళ్లు తుడుచుకుని. "నీకు ఆపుమని చెప్పలే. గది నా పాపం. గాని గీ పోరి తనంత తాను ఆపింది చూడు. నువ్వు మొగోనివైనా బెల్టు ఆపలే."

"రేపు పేషీ ఉందమ్మా..." ప్రవీణ్ గొంతు చిన్నపిల్లవాడిదై పోయింది. "నువ్వు రాకపోతె నా లైసెన్సు మీదికొస్తది."

"రాను. గుర్రానికి నోరు లేదని దాని దెబ్బలు లెక్కవెట్టనీకె మనుషుల్ని వెట్టిన్రు. నోరున్న గీ కోడలుపిల్లకు ఒక్క మనిషి లేకపాయె. నేనుండి గూడ లేకపోతి." ఆమె లేచింది. "బ్యాగు తీస్కో. గీ ఇల్లు నా కాయల దుకాణం పైసలతోని కట్టింది. నీ పెండ్లాం రమ్మన్ననాడు రా. రమ్మనకపోతె రాకు."

ప్రవీణ్ భార్య వైపు చూశాడు. శ్రీవాణి చూపు తిప్పుకుంది. కూతురి వైపు చూశాడు. పిల్ల ఇంకా కిటికీ చువ్వలు వదల్లేదు. ఎంత జోరుగా ఉరికే గుర్రాన్నయినా ఆపగల ఆ చేతులతో మొహం కప్పుకుని అతను ఏడ్చాడు. నిర్మలమ్మ చెయ్యి అతని తల దాకా పోయి ఆగింది. కన్నపేగు మరి. అయినా ఆమె పోయి వీధి తలుపు తీసి పట్టుకుని నిలబడింది. అతను బ్యాగు భుజాన వేసుకుని, తల వంచుకుని, గడప దాటి పోయాడు. వంటింట్లో చాయ్ అంతా మరిగి మరిగి గిన్నె మాడిపోయింది.

నిర్మలమ్మ కోడలిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. మల్లి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. జగదేవ్‌పూర్ చౌరస్తా దగ్గర ఆటో ఆగినప్పుడు శ్రీవాణి అడిగింది.

"ఇన్నొద్దులు ఏం చేసినవత్తమ్మా?"

నిర్మలమ్మ ఉన్నదే చెప్పింది.

"చాయ్ పెట్టిన బిడ్డా."

శ్రీవాణి ఆమెను క్షమించినట్టు ఏమీ అనలేదు. పసుపు గుడ్డ కట్టిన చెయ్యి మాత్రం మెల్లగా తెచ్చి అత్తమ్మ మోకాలి మీద పెట్టింది. ఆ బరువుకు ముసలామె మళ్లీ ఏడ్చింది.

దవాఖానలో అదే డాక్టరమ్మ చీటీ ముందుకు జరుపుకుంది. శ్రీవాణి వీపు చూసి కలం పక్కన పెట్టింది.

"మొన్న బాత్రూంలో జారిపడ్డదన్నారు. ఇవాళ ఎక్కడ పడ్డది?"

శ్రీవాణి అలవాటుగా అత్తమ్మ కేసి చూసింది. ఎప్పుడూ జవాబు అక్కడి నుంచే వస్తుంది కదా. నిర్మలమ్మ కొంగు నడుముకు దోపుకుని, బల్ల అంచు పట్టుకుంది. ఇన్నేళ్లుగా అలవాటైన మాటలన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి. వాటిని మింగేసింది.

"ఇయ్యాల పడలే మేడం. మొన్న గూడ పడలే. నా కొడుకు కొట్టిండు. మొన్న నేను అబద్ధమాడిన. రెండుసార్లు నేను ఇంట్లనే ఉన్న. రాసుకోండ్రి. పోలీసులొచ్చినా గిదే చెప్త. సాక్ష్యం నేనే."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, రాయడం మొదలుపెట్టింది. శ్రీవాణి రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. మల్లి బల్ల కింది నుంచి వచ్చి అవ్వ కొంగు లాగింది.

"అవ్వా, క్లబ్బోళ్లు డాడీని రెండు నెలలు రావొద్దన్నరు గదా. మన ఇంటికెన్ని నెలలు రావొద్దు?"

నిర్మలమ్మ వంగి పిల్లను ఎత్తుకుంది. దాని అరచేతులు విప్పి చూసింది. కట్టె పట్టుకున్న చోట ఎర్రగా కందింది. ఆ చోటును బొటనవేలితో నిమిరింది.

"మీ అమ్మ ఎన్నంటే అన్ని బిడ్డా," అన్నది.